కీళ్ళవాతపు గణన : ఒక విమర్శ

తెలుగువారి వాడుకలో ‘వాతము’ అను మాటకు విస్తృతి మెండు. కాలుసేతులు పడిపోయిన పక్షవాతము. ముదిమిలో మోకాలు అరిగి నొచ్చిన వాతమే. వ్రేళ్ళ కణుపులు వాచి వంకరపోయినను వాతమే. ఒక జనసమూహమున శోథముతో, అనగా వాపుతో కూడిన కీళ్ళవ్యాధులు ఎందరికి కలవో లెక్కింపబూనిన వారికి తొలి చిక్కు ఈ మాటతోనే కలుగుచున్నది. శాస్త్రమున ఈ గందరగోళము లేదు. మాధవనిదానము ఆమవాతమునకు ప్రత్యేకాధ్యాయము నొసగి, వాతరక్తమును వేరుగా నిరూపించినది. వైద్యులు వేరుచేసిన దానిని వాడుక కలిపివేసినది.

మన దేశపు గణనలలో రెండు తరచుగా పేర్కొనబడుచున్నవి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున మాలవీయ ప్రభృతులు జరిపి 1993లో ప్రకటించినది మొదటిది. 39,826 మంది వయోజనులలో 3,393 మంది శంకింపదగినవారుగా తేలగా, పరీక్షానంతరము 299 మందికి మాత్రమే రుమటాయిడ్ వ్యాధి నిర్ధారణమైనది, నూటికి 0.75. రెండవది 1996లో పూనా సమీపమున భిగ్వాన్ గ్రామమున అరవింద్ చోప్రా ఆరంభించినది. అచ్చట 4,092 మంది వయోజనులలో 746 మంది నొప్పులు చెప్పుకొనిరి. రుమటాయిడ్ వ్యాధి నూటికి 0.5 ప్రాంతమున నిలిచినది.

ఈ సంఖ్యలను ఉదాహరించువారు చివరి అంకెను మాత్రమే చూచుచున్నారు. చూడవలసినది నడిమి అంకె. బల్లభ్‌గఢ్‌లో శంకితులు పదునొకండుగురికి రోగి ఒక్కడు. వడపోతలో అధికముగా చేరినవారిని వైద్యుడు తొలగింపగలడు. గడపయొద్ద అడిగిన తొలిప్రశ్నకు ‘లేదు’ అన్నవారు మాత్రము అతని కంటబడనే పడరు. కావున గణన అంతయు ఆ ప్రశ్న మీద, ప్రశ్నలోని మాట మీద ఆధారపడియున్నది.

ఈ లెక్కలను ఋషికుల్యా సాగరసంగమము చెంతనున్న పొడంపేటకు అన్వయించి చూడవలెను. 1936లో గంజాము ఒడిస్సాలో చేరినది. ఈ పల్లెకారుల ఇంటిభాష తెలుగుగానే నిలిచినది. కార్యకర్త ‘గంఠివాతము’ అని ఒడియాలో అడిగిన, బడిచదువు లేని ముదుసలి ఏమని గ్రహించును? తెలుగున ‘వాతమున్నదా?’ అనినను మేలు కలుగదు. వల లాగి భుజము నొచ్చిన ప్రతివాడును ‘ఉన్నది’ అనును. శ్రమచే వచ్చు నొప్పి పనితో హెచ్చి విశ్రాంతితో తగ్గును. శోథముచే వచ్చు బిగువు విశ్రాంతి పిమ్మట హెచ్చి కదలికతో సడలును. అడుగవలసినది ఈ భేదమునే.

1987 నాటి అమెరికా లక్షణనిర్ణయములో ఉదయమున గంటసేపైనను కీళ్ళు బిగిసియుండుట ఒక గుర్తు. తెల్లవారకమునుపే తెప్ప నెక్కువానికి ఉదయమనగా ఏది? ‘నిద్ర లేచిన పిమ్మట’ అని అడుగుట యుక్తము. 2010 నాటి నిర్ణయము ఈ గుర్తును విడిచి రక్తపరీక్షలకు ప్రాధాన్యమిచ్చినది. అది ఆసుపత్రికి తగినదే గాని, ఇంటింటి గణనకు బరువైనది.

ఇక హారము మాట. సముద్రపు కోతచే ఊరు వెనుకకు జరిగినది. పురుషులు పనికై వలసపోవుదురు. ఈ వ్యాధి స్త్రీలకు రెండుమూడు రెట్లు అధికము. ఇంటనున్నవారినే లెక్కించిన సంఖ్య పెరుగును. స్త్రీపురుష, వయోభేదములను సవరింపని పోలికకు విలువ లేదు. చికున్‌గున్యా మరియొక చిక్కు. 2006లో దేశమున 13 లక్షలకు పైగా శంకిత రోగులు నమోదైరి. ఆ జ్వరము వదలిన పిమ్మటను కొందరి కీళ్ళ వాపులు నెలల తరబడి నిలిచి రుమటాయిడ్ వ్యాధిని పోలియుండును. ఆ జ్వరము వచ్చినదా, ఎప్పుడు వచ్చినదని అడుగక జరిపిన గణన రెంటిని ఒకటిగా చూపును.

వేయిమంది వయోజనులకు ఐదుగురు మొదలు ఎనమండుగురు. ఒక్కరు తప్పిన నిష్పత్తియే మారిపోవును. ఒక్క పల్లెతో నిష్పత్తి కట్టుట సాధ్యము కాదు; తీరపు తెలుగు పల్లెలన్నిటిని కలిపి చూడవలెను. అయినను ఆ ఐదుగురిని గుర్తించుటకు ఒక్క పల్లెయు చాలును. కీళ్ళ ఎముకల క్షయము తొలి యేండ్లలోనే ఆరంభమగును. మెథోట్రెక్సేట్ వంటి చవుక మందు అప్పుడే పడిన చేతులు నిలుచును. ‘ముసలితనపు వాతమే’ అని సరిపెట్టుకొన్న స్త్రీ బరంపురపు వైద్యకళాశాల గడప త్రొక్కునాటికి ఆమె వ్రేళ్ళు చేప కోయుటకు వంగవు.