పడుగూ పేకా కలిసే ఊరు

వేసవి సెలవులు దగ్గరపడితే అమెరికాలోని మా ప్లెయిన్స్‌బరోలో మనవాళ్ల కబుర్లలోకి బాలి వచ్చేస్తుంది. వాళ్లు వేసుకునే ప్రణాళికలు చూస్తే నాకే ఆయాసం వస్తుంది. ఒక్క రోజులో మూడు గుళ్లు, ఒక జలపాతం, వరి మళ్లు, సాయంత్రం కెచక్ నాట్యం! నన్నడిగితే ఒక రోజు పూర్తిగా తెంగనాన్‌కు ఇచ్చేయమంటాను. ఇంకేమీ పెట్టుకోవద్దంటాను.

బాలి తూర్పున, కరంగసెం ప్రాంతంలో, చందిదాస తీరానికి కాస్త లోపలగా ఉంటుంది తెంగనాన్. ద్వీపంలోని పాత తెగల్లో ఒకటైన బాలి ఆగా ప్రజల ఊరిది. రాళ్లు పరిచిన వెడల్పాటి వీధి అంచెలంచెలుగా కొండవైపు ఎక్కుతుంది. ఇళ్ల ముందు కూర్చుని తాటాకుల మీద కత్తిమొనతో బొమ్మలు గీకి మసి పూసేవాళ్లు కనిపిస్తారు. తాళపత్రాల మీద గంటంతో రాసుకున్న జాతి మనది, అక్కడ కాసేపు ఆగకుండా ఉండలేం. కానీ నేను వెళ్లమనేది గెరింగ్‌సింగ్ కోసం.

అది నూలు బట్ట. ఎరుపు, నీలి నలుపు, మీగడ రంగు తప్ప మరో రంగుండదు. దూరం నుంచి చూస్తే సాదాగానే అనిపిస్తుంది. దాని గొప్పతనమంతా నేతకు ముందు జరిగే పనిలో ఉంది. బాలి వంటల్లో వాడే కెమిరి గింజల నూనెను బూడిద నీళ్లతో కలిపి, దారాన్ని వారాల తరబడి అందులో నానబెడతారు. ఆ తర్వాత రంగు అంటకూడని చోట్ల దారాలను గట్టిగా కడతారు. పడుగుకీ కడతారు, పేకకీ కడతారు. నీలిమందు అద్దకం ఊళ్లో చేయకూడదని ఆచారం, అందుకని దారం పక్కనున్న బుగ్‌బుగ్ గ్రామానికి వెళ్లి వస్తుంది. ఎరుపు తొగరు జాతి చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. అది చిక్కగా పట్టాలంటే మళ్లీ మళ్లీ ముంచాలి. ఒక్కో బట్ట పూర్తికావడానికి ఏళ్లు పడుతుందంటే అతిశయోక్తి కాదు.

మగ్గం దగ్గర కూర్చుని నిదానంగా చూడాల్సింది ఆ తర్వాతి ఘట్టం. నేసే ఆమె నడుముకు పట్టీ కట్టుకుని, పడుగును తన ఒంటితోనే బిగించి పట్టుకుంటుంది. పేక ఒకసారి వెళ్లగానే ఆగుతుంది. కాస్త ముందుకు వంగి పడుగును వదులు చేసి, మొనదేలిన చిన్న పనిముట్టుతో పోగులను అటూ ఇటూ జరుపుతుంది. పేకలోని ఎరుపు పడుగులోని ఎరుపు మీద కూర్చుందని నమ్మకం కుదిరాకే దెబ్బ వేస్తుంది. గంట చూసినా బట్ట బెత్తెడు పెరగదు. పెరిగినంత మేరా బొమ్మలోని నక్షత్రాల అంచులు మాత్రం కుదురుగా కలుస్తాయి.

ఇలా పడుగుకీ పేకకీ చిటికి (రంగు అంటకుండా దారానికి వేసే కట్టు) కట్టి నేసే చోట్లు లోకంలో బహుకొద్ది. గుజరాత్‌లో పాటన్ పటోలా ఒకటి. మరొకటి మన తేలియా రుమాలు. చీరాలలో వెలిగి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో బతుకుతోంది. అక్కడా నూనే. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, అందులో నూలును పిసికి ఎండబెట్టడం రోజుల తరబడి సాగుతుంది. అలా నూనె పట్టిన నూలుకే ఎరుపు నిలుస్తుంది. రంగులు కూడా దాదాపు అవే: ఎరుపు, నలుపు, తెలుపు. తెంగనాన్‌లో ఆ మగ్గం ముందు నిలబడినప్పుడు చుట్టాలింటికి వచ్చినట్టనిపించింది నాకు.

ఒక్క తేడా మాత్రం నన్ను వదలడం లేదు. గెరింగ్‌సింగ్ తెంగనాన్ వాళ్లకు తమ కోసమే కావాలి. పెళ్లికి, పళ్లు రాయించే వేడుకకు, ఊరి పండుగలకు అది ఒంటిమీద ఉండాల్సిందే. అందుకే పర్యాటకులు కొన్నా కొనకపోయినా మగ్గం ఆడుతుంది. మన రుమాలు ప్రధానంగా గల్ఫ్‌కీ తూర్పు ఆఫ్రికాకీ ఎగుమతి కోసం తయారైంది. కొనేవాళ్లు తగ్గాక ఆసరా కరువైంది. పుట్టపాక నేతగాళ్లు ఆ పనిని చీరల్లోకీ దుపట్టాల్లోకీ మళ్లించి నిలబెట్టారు. అదే ఊరి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు మంచిదే, కానీ మగ్గాన్ని ఆడించేది కట్టుకునేవాళ్లు.

బాలి బజార్లలో గెరింగ్‌సింగ్ పేరుతో ప్రింటు గుడ్డలు అమ్ముతారు. మన దుకాణాల్లో పోచంపల్లి పేరుతోనూ అంతే. తిరగేసి చూడండి. చిటికి పని రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటుంది, బొమ్మ అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టుంటుంది. ప్రింటుకు వెనకవైపు వెలవెలబోతుంది.

ప్లెయిన్స్‌బరోలో ఆడపిల్లల ఓణీల వేడుకలు ఘనంగా చేస్తాం. ఈసారి ఆ ఓణీ పుట్టపాక నుంచి తెప్పించండి. నూనె పట్టించి, చిటికి కట్టి, రంగులద్ది నేసేసరికి నెలలు పడుతుంది కాబట్టి, హాలు మాట్లాడుకోక ముందే నేతగాడితో మాట్లాడుకోవాలి.