కృష్ణ మీద వెదురు అల్లిక

ఏటి నడుమ తేలిన నేలను పాలమూరు వైపు గడ్డ అంటారు. గద్వాల మండలంలో, జూరాల ప్రాజెక్టుకు దిగువన ఉన్న గుర్రంగడ్డ అలాంటిదే. చుట్టూ కృష్ణే. ఎండాకాలం పాయలు సన్నబడతాయి. జూరాల గేట్లు లేచాయంటే మాత్రం సంత, ఆస్పత్రి, బ్యాంకు అన్నీ అవతలి ఒడ్డుకు వెళ్లిపోతాయి. అలాంటి చోట ఊరు నిలిచిందంటే, అందులో పుట్టి అనే గుండ్రటి వెదురు పడవ పాలు ఎంతో ఉంది.

పుట్టిని చూసి పెద్ద బుట్టే కదా అనుకుంటాం. ఒడ్డున బోర్లించి ఉన్నప్పుడు దగ్గర కూర్చుని చూడాలి. వెదురును నిలువునా చీల్చి బద్దలు తీస్తారు. అల్లిక అడుగు నడుమ మొదలవుతుంది. బరువంతా పడేది అక్కడే కాబట్టి బద్దలు ఒత్తుగా, అదనంగా పడతాయి. అంచుకు వచ్చేసరికి బద్దలను కట్టగా చేర్చి, లాగి బిగిస్తారు. మేకు ఒక్కటీ ఉండదు. పైన ఒకప్పుడు పశువుల తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు.

ఈ పనితనం విలువ నీళ్లలో తెలుస్తుంది. ఇక్కడి కృష్ణ అడుగంతా బండలే. లోతుగా మునిగే పడవకు రాయి తగిలితే చెక్క పగులుతుంది. పుట్టి అడుగు చదును, జానెడు నీళ్లున్నా తేలుతుంది. బండకు ఒరుసుకున్నా వెదురు కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. గుండ్రంగా ఉండడంతో దానికి ముందూ వెనకా లేదు, వదిలేస్తే గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడును అణచడమే తెడ్డు పట్టినవాడి విద్య. నీటిని తన వైపు లాక్కుంటూ, కుడికోసారి ఎడమకోసారి వేస్తాడు. నేరుగా అవతలికి గురిపెట్టడు. ముందు ఒడ్డు వెంబడే ఎగువకు పోయి, అక్కడ ప్రవాహానికి వదిలి, ఏటవాలుగా రేవుకు దిగుతాడు. ఎంత ఎగువకు పోవాలో ఆ రోజు నీళ్లను చూసి కంటితోనే లెక్కగడతాడు.

1520ల్లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, లోపల బెత్తం, బయట తోలు ఉన్న గుండ్రటి పడవల్లో పదిహేను ఇరవై మంది ఏరు దాటడం గురించి రాశాడు. అవి తిరుగుతూనే ఉంటాయనీ గమనించాడు. ఆ ఏరు తుంగభద్ర, అలంపురం దాటగానే కృష్ణలో కలిసేదే. బాబిలోను నది మీద తోలు కప్పిన గుండ్రటి పడవలను గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు అంతకు ఎంతో ముందే వర్ణించాడు.

అయితే పుట్టి మునిగి మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు ఈ తీరంలో ఉన్నాయి. వరద ఉధృతికి వెదురు చాలదు. వంతెన కావాలని గుర్రంగడ్డ ఏళ్లుగా అడుగుతోంది, అది న్యాయమైన కోరిక. వంతెన వచ్చాక కూడా ఈ అల్లిక వచ్చిన చేతులు ఉండాలని నా ఆశ.

ఆ చేతులకు దిగువన ఇంకా పని ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర, శ్రీశైలం వెనుక జలాల్లో చేపల వేట పుట్టి మీద సాగుతుంది. వల తీశాక పుట్టిని తల మీద బోర్లించుకుని గట్టెక్కుతారు. వెనక నుంచి చూస్తే పెద్ద నల్లటి గొడుగు, దాని కింద రెండు కాళ్లు. ఆ నలుపు మీద కొత్త తారు మెరిసే చోటల్లా, ఏదో ఒక బండ తగిలిన గుర్తు.