స్త్రీ వేషం ఎవరిది?

కిందటేడు మా ఊళ్ళో ఒక చిన్న సభలో స్థానం నరసింహారావు గారి మీద మాట్లాడాను. రాజపాళయంలో తెలుగు సభ అంటే ముప్ఫై మంది వస్తే గొప్ప. వచ్చినవాళ్ళలో సగం మందికి తెలుగు ఇంటి మాటే గాని చదువు రాదు. వాళ్ళకు తేలిగ్గా ఉండాలని స్థానం వారి సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రల గురించి విన్నవీ చదివినవీ కలిపి చెప్పి, ఆడవాళ్ళు కూడా అంత ఆడతనం చూపలేరని ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అంతా లేచాక ముందు వరసలో కూర్చున్న మా పెద్దమ్మ ఒక్క మాట అడిగింది: "అయితే ఆడవాళ్ళకి ఆడవేషం ఎప్పుడిచ్చినార్రా?"

నేను నవ్వి ఊరుకున్నాను. తెలియక కాదు. సురభి పేరు నాకు తెలుసు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో లలితకళాతోరణం దగ్గర వాళ్ళ మాయాబజార్ కూడా చూశాను. చూసీ, గంటసేపు ప్రసంగంలో వాళ్ళను ఒక్కసారి తలవలేదు. ఈ వ్యాసం ఆ ప్రసంగానికి దిద్దుబాటు అనుకోండి.

ఇంగ్లండు సంగతి ముందు చెప్పి వస్తాను, పోలిక కోసం. అక్కడ షేక్స్పియరు కాలంలో స్త్రీ పాత్రలు కుర్రవాళ్ళవి. 1642లో నాటకశాలలు మూసేశారు. 1660లో రాజు రెండవ చార్లెస్ తిరిగి వచ్చాక తెరిచారు. ఆ ఏడు ఆగస్టులో శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి తన డైరీలో ఎడ్వర్డ్ కినాస్టన్ అనే కుర్రవాడి స్త్రీ వేషాన్ని మెచ్చుకున్నాడు. ఇంచుమించు మనం స్థానం వారిని మెచ్చుకున్నట్టే. అదే సంవత్సరం డిసెంబరు 8న కిల్లిగ్రూ కంపెనీ వేసిన ఒథెల్లోలో డెస్డిమోనాగా ఒక స్త్రీ నిలబడింది. దానికి థామస్ జోర్డన్ రాసిన ప్రస్తావన ఈనాటికీ మిగిలి ఉంది. అందులో సూత్రధారుడు ఆమె నటన గురించి చెప్పడు. ఆమె ముస్తాబు అవుతుండగా చూశానని, ఆడదే, అనుమానం వద్దని సభకు హామీ ఇస్తాడు! ప్రస్తావన మిగిలింది గాని ఆమె పేరు మిగల్లేదు. కొందరు మార్గరెట్ హ్యూస్ అంటారు, కొందరు ఆన్ మార్షల్ అంటారు. 1662లో రాజుగారి సన్నదు వచ్చి స్త్రీ పాత్రలు స్త్రీలు వేయవచ్చని తేల్చింది. కానీ వాళ్ళు జీతగత్తెలు. కంపెనీలో వాటా మగ నటులది. ఎలిజబెత్ బారీ లాంటివాళ్ళు వాటాదారులుగా నిలబడడానికి 1695 దాకా పట్టింది.

మన సంగతి వేరు. మనకు రాజూ లేడు, సన్నదూ లేదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ ప్రదర్శించాడు. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. తోలుబొమ్మలాట ఎరిగినవాళ్ళకు ఒక విషయం చెప్పనక్కరలేదు: తెల్లగుడ్డ వెనక దీపం దగ్గర మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళూ కూర్చుంటారు. సీతకూ ద్రౌపదికీ గొంతు వాళ్ళదే. పాటా వాళ్ళదే. బొమ్మ పక్కకు తప్పుకుని మనిషి నిలబడవలసి వచ్చినప్పుడు, తరాలుగా సీత మాట్లాడిన గొంతు ఉన్న ఇల్లాలిని కూర్చోబెట్టి కుర్రవాడికి కోక కట్టడం వాళ్ళకే వింతగా ఉండి ఉంటుంది. సురభిలో స్త్రీలు స్త్రీ వేషాలు వేయడాన్ని సంస్కరణగా చెప్పేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది సంస్కరణ కంటే కొనసాగింపుగా కనిపిస్తుంది. గొంతు తెర వెనక నుంచి ముందుకు వచ్చింది, అంతే.

ఇంతకంటే మనకు దగ్గరైన సంగతి ఇంకొకటి ఉంది. సురభి వాళ్ళ ఇంటి భాష తెలుగు కాదు, ఆరె మరాఠీ. వంటింట్లో ఒక భాష, రంగస్థలం మీద ఒక భాష. మనం ఇంట్లో తెలుగు, బడిలో బజార్లో అరవం. ఆ అమ్మలు నేర్చుకున్న భాషలో అంత స్పష్టంగా పద్యం చెప్పి జనాన్ని కూర్చోబెట్టారు. మనం పుట్టిన భాషలో పిల్లకు ఒక పద్యం నేర్పడానికి తీరిక లేదంటున్నాం.

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932)లో లీలావతి సురభి కమలాబాయి. ఆమె గురించి ఒక కథ చెబుతారు. తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులొచ్చాయని, తెర వెనక ప్రసవమైందని, జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారని. ఈ కథను అందరూ వింతగా చెప్పి నవ్విస్తారు. నాకు నవ్వు రాదు. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి రంగు పూసుకుని దమయంతిగా నిలబడవలసి వచ్చిందన్నమాట! కుటుంబమే కంపెనీ అయితే స్త్రీకి రక్షణ ఉంటుంది, నిజమే. సెలవు మాత్రం ఉండదు. కోడలు వంట చేసినట్టే వేషమూ వేస్తుంది. లండను నటికి వాటా లేకపోయినా జీతమైనా ఉంది. సురభిని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా వేయాలి.

మరి మన విమర్శకులు చేసిందేమిటి? తెలుగు రంగస్థలం మీదికి స్త్రీలు ఎలా వచ్చారంటే మొదట బళ్ళారి రాఘవ పేరు చెబుతారు. ఆయన (1880-1946) గొప్పతనాన్ని కాదనను. ఆయనా మనలాగే తెలుగునాటికి వెలుపల బళ్ళారిలో నిలిచి తెలుగు నాటకం ఆడినవాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారిని రంగస్థలం మీదికి తెచ్చాడు. కానీ అప్పటికే దశాబ్దాలుగా ఊరూరా డేరాలు వేసి ఆడుతున్న సురభి స్త్రీలు ఈ లెక్కలో ఎందుకు రారు? "సంసార స్త్రీలు", "కులస్త్రీలు" రంగస్థలం ఎక్కారని రాసినప్పుడు మన మనసులో ఉన్నది చదువుకున్న ఇళ్ళ స్త్రీలు. సురభి వాళ్ళకంటే సంసార స్త్రీలు ఎవరు? అత్త, కోడలు, తోడికోడలు, ఆడబిడ్డ అంతా ఒకే తెర కింద ఉన్నారు! డేరాలో సంసారం మనకు సంసారంగా కనిపించలేదు.

కలకత్తాలో 1873లో బెంగాల్ థియేటర్ వేశ్యావాడల నుంచి నటీమణులను తెచ్చినప్పుడు విద్యాసాగరుడంతటి సంస్కర్త కమిటీ నుంచి తప్పుకున్నాడు. వితంతువు పెళ్ళికి నిలబడ్డ మనిషి నటి దగ్గర నిలబడలేకపోయాడు. 1883లో స్టార్ థియేటర్ వెలసింది బినోదిని పుణ్యమా అని. ఆమె పేరు పెడతామన్నవాళ్ళు పెట్టలేదు. 2024 చివర్లో గాని ఆ పేరు దానికి రాలేదు.

మగవాడు స్త్రీ వేషం వేస్తే మనం పనితనం చూస్తాం. స్థానం వారు నటస్థానంలో తన అనుభవాలు రాసుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు, న్యాయమే. స్త్రీ వేస్తే ముందు ఎవరి బిడ్డ, ఎవరి ఇల్లాలు అని అడుగుతాం. జోర్డన్ ప్రస్తావన లాగే నటన ఊసు ఎత్తం. నేను సభలో అన్న చివరి మాట కూడా ఆ కోవలోదే. ఆడతనం ఏదో మగవాడు పరిపూర్ణం చేసి చూపించే కళ అన్నట్టు, ఆడవాళ్ళు అందులో తప్పిన విద్యార్థులన్నట్టు మాట్లాడాను. స్థానం వారు చూపింది ఆనాటి మగవాళ్ళు చూడాలనుకున్న స్త్రీని. అది మహా విద్య. కానీ దాన్ని కొలబద్ద చేసి కమలాబాయిని కొలవడం తప్పు.

మొన్న పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, మనకు దగ్గరలోని సెంగోట్టై కిట్టప్ప పేరెత్తి, ఆయన భార్య కె.బి. సుందరాంబాళ్ గురించి చెప్పింది. 1935లో సుందరాంబాళ్ లక్ష రూపాయలు పుచ్చుకుని సినిమాలో నందనారు వేషం, మగవేషం, వేసింది కదా.

"దానికెవరన్నా మగతనం తక్కువైందన్నారా?" అంది పెద్దమ్మ. "పాట వినేదానికి పోయినారు."