‘హై రిస్క్’కు తెలుగు: కరోటిడ్ స్టెంట్ చికిత్సపై రచనల్లో పరిభాష – ఒక పరిశీలన

మెడలోని కరోటిడ్ ధమని పూడుకుపోయి సన్నబడినప్పుడు, పక్షవాతాన్ని నివారించడానికి ధమనిని కోసి పూడిక తొలగిస్తారు. లేదా స్టెంట్ అమరుస్తారు. ‘హై రిస్క్’ రోగులకు స్టెంట్ అన్న మాటను తెలుగు ఆరోగ్య రచనలు తరచుగా ‘అధిక ప్రమాదం ఉన్న రోగులకు’ అని అనువదిస్తాయి. ఇందులో వ్యాకరణ దోషం లేదు. లోపించింది ‘వల్ల’ అనే ప్రత్యయం. దేనివల్ల ప్రమాదం? పక్షవాతం వచ్చే ప్రమాదమనే పాఠకుడు గ్రహిస్తాడు.

మూలార్థం అది కాదు. 2004లో ప్రచురితమైన ‘సఫైర్’ అధ్యయనంలో 334 మందిని ఎంపిక చేసింది శస్త్రచికిత్స వల్ల ముప్పు ఎక్కువన్న ప్రాతిపదికపై: తీవ్రమైన గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు, మెడకు ఇదివరకే రేడియేషన్, రెండోవైపు ధమని మూసుకుపోవడం, 80 ఏళ్లు దాటిన వయసు వంటివి. వారిలో 70 శాతానికి పైగా రోగులకు ఆ పూడిక వల్ల కలిగే లక్షణాలేవీ లేవు. ఏ బాధా లేని మనిషికి ‘మీకు అధిక ప్రమాదం’ అని చెప్పడం అనువాద సమస్యగా మాత్రమే మిగలదు.

ఆ అధ్యయన ఫలితానికి మాత్రం తెలుగులో చక్కటి క్రియ ఉంది: ‘తీసిపోదు’. మరణం, పక్షవాతం, గుండెపోటు కలిపి లెక్కిస్తే ఏడాదిలో స్టెంట్ వర్గంలో 12.2 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 20.1 శాతం. అంకెల్లో తేడా పెద్దదే. అయినా స్టెంట్ తీసిపోదని రుజువైంది గాని, మెరుగని గణాంకపరంగా రుజువు కాలేదు. ఇంత సూటి మాట ఉండగా ‘మెరుగైన చికిత్స’ అని రాయడం అర్థాన్ని దాటిపోవడమే.

వయసు విషయం మరింత చిక్కైనది. 2010 నాటి ‘క్రెస్ట్’ అధ్యయనంలో, శస్త్రచికిత్స వల్ల సాధారణ ముప్పే ఉన్న 2502 మందిలో, సుమారు 70 ఏళ్లు దాటినవారికి శస్త్రచికిత్సే మేలనిపించింది. వృద్ధుల బృహద్ధమని వంపు మెలికలు తిరిగి, సున్నం పేరుకొని ఉంటుంది. గజ్జల నుంచి పంపిన తీగ ఆ వంపును దాటేటప్పుడు రాలే ముక్కలను, పూడికకు అవతల తర్వాత విప్పే గొడుగు వడపోత ఆపలేదు. అందుకే మెడ దగ్గర చిన్న కోత పెట్టి, రక్తప్రవాహాన్ని తాత్కాలికంగా వెనక్కి మళ్లించి స్టెంట్ అమర్చే పద్ధతి వచ్చింది. స్టెంట్‌కు మన రచనలు అలవాటుగా తగిలించే ‘కోత లేని చికిత్స’ అన్న విశేషణం ఇక్కడ చెల్లదు.

‘శస్త్రచికిత్స వల్ల ముప్పు ఎక్కువగా ఉన్నవారు’ అన్నది పొడవైన ప్రయోగమే. పరిభాషకు క్లుప్తత అవసరమన్న వాదన పాఠ్యగ్రంథాల్లో చెల్లవచ్చు. రోగి సంతకం పెట్టే అంగీకార పత్రంలో ఆ ‘వల్ల’ను వదిలేయడానికి నాకు కారణం కనబడదు.