గేటు కాడి మస్కూరి

జడ్చర్ల దాటి పోలెపల్లి దిక్కు పోతే ప్రతి ఫ్యాక్టరీ గేటు ముందూ ఒక ప్లాస్టిక్ కుర్చీ కనబడుతుంది. కుర్చీలో యూనిఫాం తొడుక్కున్న మనిషి. లారీ నంబరు రాసుకుంటాడు, గేటు తీస్తాడు, కారులో ఎవరు వచ్చినా లేచి నిలబడి సలాం కొడతాడు. ఏ ఊరని అడిగితే చాలాసార్లు చుట్టుపక్కల ఊరే చెబుతాడు. సెజ్ పేరు మీద పోలెపల్లి, ముదిరెడ్డిపల్లి, గుండ్లగడ్డ తండా భూములు గుంజుకున్నప్పుడు పోయినవి ఎక్కువగా దళితులవి, లంబాడీలవి, బీసీలవి. అసైన్డ్ భూమికి ఎకరాకు 18 వేల రూపాయలు కట్టిండ్రు. 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో భూమి పోయినవాళ్లే అభ్యర్థులుగా నిలబడ్డరు. అదంతా రాసినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత ఆ గేటు ముందు కూర్చున్న మనిషి జీతం గురించి రాసినవాళ్లు తక్కువ.

నేనిక్కడ చదవదలచుకున్నది ఆ మనిషి మీద ప్రభుత్వాలు రాసిన కాగితాలను. కథనీ నవలనీ ఎవరి వైపు నుంచి రాసిండ్రో చూసి చదవడం మనం నేర్చుకున్నం. చట్టాన్ని, జీవోను మాత్రం ఇంకా భయభక్తులతోనే చదువుతున్నం.

2005లో వచ్చిన ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం తీసుకోండి. ఇందులో గార్డు వయసు ఉంది, 18 నుంచి 65. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నియమాల్లో మగవాడి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80 సెంటీమీటర్లు అని ఉంది. నూరు గంటల తరగతి, అరవై గంటల ఫీల్డు శిక్షణ కావాలని ఉంది. పోలీసు, మిలిటరీ డ్రెస్సును పోలిన బట్టలేసుకుంటే ఏడాది దాకా జైలని కూడా ఉంది. ఛాతీ కొలిచిన ఈ చట్టంలో జీతం అంకె ఒక్కటీ లేదు. కనీస వేతనాల చట్టం, పీఎఫ్ చట్టం వంటివి ఒక షెడ్యూలుగా చివరన అంటించి, వాటిని ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు చేయవచ్చన్నారు. ‘చేయవచ్చు’, అంతే. గార్డు తప్పు చేస్తే శిక్ష, ఏజెన్సీ కూలి ఎగ్గొడితే అధికారి ఇష్టం. ఆ లైసెన్సు ఇచ్చేది కూడా కార్మిక శాఖ కాదు, హోం శాఖ. ఆస్తి ఉన్నవాని భయం నుంచి పుట్టిన చట్టానికి కాపలాదారు అనుమానితుడుగానే కనబడతాడు, కార్మికుడుగా కనబడడు.

మరి కూలి సంగతి? కనీస వేతనాల బిల్లును 1946లో ప్రవేశపెట్టింది అప్పటి లేబర్ మెంబరు డాక్టర్ అంబేద్కర్. 1948లో చట్టమైంది. రేట్లను అయిదేండ్లకు మించకుండా సవరించాలని అందులోనే ఉంది. తెలంగాణ వచ్చినంక 2021 జూన్‌లో 21 నుంచి 25 దాకా అయిదు జీవోలు వచ్చినయి. అందులో సెక్యూరిటీ సర్వీసు ఒకటి. అయితే ఆ చట్టం కింద రేటు చెల్లాలంటే గెజెట్‌లో అచ్చు కావాలి. అచ్చు వేయలేదు! జీవో ఇచ్చిన ప్రభుత్వమే దాన్ని బీరువాలో పెట్టింది, కార్మిక సంఘం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఎకరా భూమి తీసుకోవడానికి ఇచ్చిన నోటిఫికేషన్ ఎన్నడన్నా గెజెట్‌కు పోకుండా ఆగిందా?

ఇంకో కాగితం చూద్దాం. కేంద్రం పరిధిలోని సంస్థలకు 2017లో ఇచ్చిన రేట్లలో ఆయుధం లేని కాపలాకు ‘సి’ ప్రాంతంలో రోజుకు 494 రూపాయలు, ఆయుధం ఉంటే 579. నిర్మాణ పనుల్లో నైపుణ్యం గల కార్మికునికి పెట్టిన రేటూ అదే 494, నైపుణ్యం లేనివానికి 350. అంటే కాపలా నైపుణ్యం గల పనే అని కేంద్రం ఒప్పుకున్నట్టు. అదే మనిషి ప్రైవేటు గేటుకు రాగానే హెల్పర్ అవుతాడు. చదువు లేదు కదా, కూర్చునే పని కదా అంటారు. రాత్రంతా మేలుకొని, ఒంటరిగా, దొంగకూ యజమానికీ మధ్య కూర్చోవడం పనికాదా? మన తాతలు ఊరి శవాన్ని మోసినప్పుడు, చేను కాసినప్పుడు, దండోరా వేసినప్పుడు కూడా వాళ్లకు నైపుణ్యం ఉందని ఎవరూ అనలేదు. కులం నేర్పిన పనికి కూలి కట్టాల్సిన అవసరం లేదన్న లెక్కే ఈ ‘అన్‌స్కిల్డ్’ అనే మాట లోపల దాక్కొని ఉంది.

పన్నెండు గంటల డ్యూటీ లెక్క వేసి చూడండి. ఎనిమిది గంటలు మామూలు కూలి, మిగిలిన నాలుగు గంటలకు ఓవర్‌టైం రెట్టింపు. అంటే ఒక డ్యూటీకి రెండు రోజుల కూలి రావాలి. మా చిన్నాయన ఇట్లాంటి ఒక గేటుకాడ పన్నెండు గంటలు కూర్చుంటాడు. నేనీ లెక్క చెబితే నవ్విండు. “రెండు దినాలదా? యూనిఫాం పైసలు, బూట్ల పైసలు పట్టుకోకుంటే చాలు బిడ్డా” అన్నడు. ఆయన చేతికి జీతం చీటీ ఎన్నడూ రాలేదు. కంపెనీ ఏజెన్సీకి కట్టే బిల్లు మీద 18 శాతం జీఎస్టీ మాత్రం పైసతో సహా ఉంటుంది.

ఊర్లో కావలికారు, మస్కూరి, నీరటి అని పిలిచేవాళ్లు. దొర గడికాడ, చెరువుకాడ, కచేరీకాడ వెట్టి కాపలా. ఆ వరుసలో వచ్చిన వీఆర్ఏలు 2022లో దాదాపు 80 రోజులు సమ్మె చేస్తే 2023లో పే స్కేలు వచ్చింది. కచేరీ మస్కూరికి విముక్తి దొరికిన జిల్లాలోనే కంపెనీ మస్కూరి పుట్టుకొచ్చిండు. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అని సుప్రీంకోర్టు 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. ఆ అధికరణంలో ‘బేగార్’ అన్న మాట ఉన్నది. మన భాషలో వెట్టి.

మహారాష్ట్రలో 1981 చట్టంతో సెక్యూరిటీ గార్డుల బోర్డు పెట్టిండ్రు. గార్డు బోర్డులో నమోదవుతాడు, యజమాని బోర్డుకు కడతాడు, బోర్డు గార్డుకు ఇస్తుంది. అందులోనూ లోపాలున్నయి, మినహాయింపులు తెచ్చుకున్న ఏజెన్సీలున్నయి. అయినా కాంట్రాక్టరు చేతిలోంచి జీతాన్ని బయటికి తీయవచ్చని అది చూపించింది. ఇక్కడ సంఘాలు పర్మినెంటు కార్మికుని కాడనే ఆగిపోయినయి. గేటు లోపల జెండా ఎగరేసి, గేటు తీసినవాణ్ని యాజమాన్యం మనిషిగా చూసిండ్రు. మన దళిత ఉద్యమం కూడా తక్కువ తినలేదు. యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో వాచ్‌మన్ పోస్టు నాలుగో తరగతి ఉద్యోగంగా ఉన్నప్పుడు దానికి రోస్టరు ఉండేది. ఏజెన్సీకి ఇచ్చినంక రోస్టరు పోయింది, మనుషులు మాత్రం మన వాడలవాళ్లే. రిజర్వేషన్ మీద సెమినారు పెట్టుకున్న హాలు తలుపు తీసింది కూడా వాళ్లే.

2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. షెడ్యూలులో పేరున్న పనులకే కనీస వేతనం అన్న పాత హద్దు పోయింది, ఇది మంచిదే. అయితే తనిఖీ అధికారి ‘ఇన్‌స్పెక్టర్ కం ఫెసిలిటేటర్’ అయిండు. కేసు పెట్టే ముందు యజమానికి సర్దుకునే అవకాశం ఇవ్వాలట. రేట్ల మీద సలహా చెప్పే రాష్ట్ర బోర్డులో మూడో వంతు స్త్రీలు ఉండాలని కూడా ఆ కోడ్‌లో ఉంది. పోలెపల్లిలో లేడీస్ గేటు కాడ కూలోళ్ల సంచులు వెతికే ఆడమనిషి పేరు ఆ బోర్డుకు పంపే సంఘం ఏది? కాపలా పనిని నైపుణ్యం కింద రాయమని, బోర్డు ద్వారానే జీతం ఇప్పించమని కోరుతూ ఒక కాగితం తయారు చేయాలె. దాన్ని ముందు చిన్నాయన లాంటోళ్లకు చదివి వినిపించాలె, వాళ్లు డ్యూటీ దిగే టైం చూసుకొని.