వారసులదేనా వారసత్వం? పాత ఇంటి కొనుగోలుపై తులనాత్మక విమర్శ: కొల్లేటి సీమ మండువా లోగిలి, ఇటలీ కొండ ఊళ్ళు

వ్యాససంగ్రహం

ఇటలీ కొండ ఊళ్ళలోని శతాబ్దాల నాటి ఇళ్ళను పరదేశీయులు కొని, బాగుచేయించుకుని నివసించడం కొన్ని దశాబ్దాలుగా ఒక సాహిత్య వస్తువుగానూ, పురపాలక విధానంగానూ నిలదొక్కుకుంది. కలిదిండి, కైకలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల డెల్టా గ్రామాల్లోని మండువా లోగిళ్ళు మాత్రం ఎక్కువగా స్థలంగానూ, కలపగానూ చేతులు మారుతున్నాయి. ఈ తేడాను ధనంతోనో, అభిరుచితోనో వివరించడం చాలదనీ, ‘వారసత్వం’ అన్న మాటను తెలుగు సమాజం అర్థం చేసుకున్న తీరులోనే దాని మూలం ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కథనాలు, ఆస్తి చట్టాలు, ఇంటి నిర్మాణం అనే మూడు ఆధారాలతో ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మండువా లోగిలి, వారసత్వం, నివాసగృహం, కొల్లేరు, కలిదిండి, పరాయి కొనుగోలుదారు.

1. ప్రవేశిక

తెలుగులో ‘వారసత్వం’ అనే ఒకే మాట రెండు పనులు చేస్తోంది. తండ్రి ఆస్తి బిడ్డలకు సంక్రమించడం వారసత్వమే. ఒక జాతి తన గతం నుంచి పొందిన కట్టడాలు, కళలు, జ్ఞానం కూడా వారసత్వమే. మొదటి అర్థంలో హక్కుదారులు లెక్కకు అందుతారు. రెండో అర్థంలో వారు అసంఖ్యాకులు. ఆలయం, కోట, బౌద్ధస్తూపం విషయంలో ఈ రెండర్థాలూ ఘర్షణ పడవు, ఎందుకంటే అక్కడ వ్యక్తిగత వారసులు లేరు. పల్లెలోని పాత ఇంటి దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే గడప మీద నిలబడతాయి. ఆ ఘర్షణలో మొదటి అర్థమే నెగ్గుతోంది. ఇల్లు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరకగానే, ఇల్లు ఏమవుతుందన్న ప్రశ్న అడిగేవారు లేకుండా పోతున్నారు.

2. రెండు కథన రూపాలు

అమెరికన్ రచయిత్రి ఫ్రాన్సిస్ మేయెస్ 1996లో ప్రచురించిన ‘అండర్ ద టస్కన్ సన్’ పాత ఇంటి కొనుగోలును ఆధునిక స్మృతిరచనకు కేంద్రవస్తువుగా చేసింది. టస్కనీలోని కొండ మీది పట్టణం కొర్తోనా సమీపంలో, ‘బ్రామసోలే’ అనే పాడుబడిన ఇంటిని కొని బాగుచేయడం అందులోని ఇతివృత్తం. 2003లో అది చలనచిత్రంగానూ వచ్చింది. తర్వాత ఈ కోవలో వచ్చిన రచనలన్నిటిలోనూ ఒక నమూనా కనిపిస్తుంది: పరాయి వ్యక్తి వస్తుంది, ఖాళీ ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది, మరమ్మతు పూర్తయ్యేసరికి ఇల్లూ మనిషీ కూడా కోలుకుంటారు.

తెలుగులో ఇందుకు సమాంతరంగా నిలిచేది కొనుగోలు కథ కాదు, తిరిగిరాక కథ. క్రాంతికుమార్ దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘సీతారామయ్యగారి మనవరాలు’ చిత్రంలో అమెరికా నుంచి వచ్చిన యువతి తాతగారి ఇంట అడుగుపెడుతుంది. కొర్తోనాకు వచ్చిన స్త్రీ లాగే ఆమె కూడా దూరదేశం నుంచి వచ్చింది, ఆమె రాకతోనూ ఇంట్లో విరిగినది అతుక్కుంటుంది. అయితే ఆమెకు ఆ ఇంట ప్రవేశం కల్పించింది ధనం కాదు, రక్తసంబంధం. తెలుగు ప్రేక్షకుడికి ఇది సహజమనిపిస్తుంది. అదే స్థానంలో ఆ ఇంటిని కొనుక్కున్న పరాయి స్త్రీని ఊహించడం కష్టం.

రెండు రూపాలూ చెరొక విషయాన్ని దాస్తాయి. కొనుగోలు కథలో వారసులు కనిపించరు. ఆ ఇల్లు ఎందుకు ఖాళీ అయింది, అక్కడి పిల్లలు ఏ ఊరికి వలసపోయారన్నది నేపథ్యంలోనే ఉండిపోతుంది. తిరిగిరాక కథలో ధర కనిపించదు. ఆ లోగిలి పైకప్పు మార్చడానికి ఎంతవుతుంది, అన్నదమ్ముల వాటాలు ఎన్ని, పన్ను కట్టేదెవరు అన్న ప్రశ్నలు తెర మీదికి రావు. తెలుగులో మండువా ఇంటిపై వచ్చే స్మృతివ్యాసాలు చాలావరకు ఈ రెండో పరిమితిలోనే ఉన్నాయి. వాటిలో ఇల్లు ఒక అనుభూతిగా మిగిలిందే గాని ఖర్చుతో, బాధ్యతతో కూడిన వస్తువుగా కనిపించదు.

3. మండువా లోగిలి: ఒక ఆర్థిక నిర్మాణం

ఇటలీ కొండ ఊరు రాతి మీద, రక్షణ కోసం పుట్టింది. ఇళ్ళు ఒకదాని గోడను ఒకటి ఆనుకుని ఉంటాయి. ఒక ఇల్లు కూలితే పక్క ఇంటికి ముప్పు. కొల్లేటి సీమలో నేల పల్లం. ఇక్కడి ఇల్లు వరదకు, చెమ్మకు వెరచి ఎత్తరుగుల మీద నిలబడింది. నాలుగు వైపుల పెంకుల వాలు లోపలికే దిగి, వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. చుట్టూ వసారా, ముందు సావిడి, పైన అటక, వెనక పెరడు, ధాన్యానికి గాదె; ఇవన్నీ వరి పంట చుట్టూ అల్లుకున్న ఏర్పాట్లు.

ఈ ఇళ్ళ వెనుక సంపదకు చారిత్రక కారణం ఉంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక డెల్టాలో కాలువ సేద్యం విస్తరించింది. వరి మిగులు పెద్ద రైతు చేతికి డబ్బునిచ్చింది. బంగాళాఖాతం మీదుగా బర్మాతో సాగిన వ్యాపారం టేకు కలపనిచ్చింది. మండువా చుట్టూ నిలిచిన టేకు స్తంభాలు, నగిషీ ద్వారబంధాలు ఆ రెండింటి కలయికకు గుర్తులు.

ఆ ఆర్థిక ఆధారమే తర్వాత మారింది. వరిచేలు చేపల చెరువులు కావడంతో గాదెకు పని తప్పింది. చెరువులు ఊళ్ళను చుట్టుముట్టిన చోట చెమ్మ గోడలకెక్కుతుంది. సున్నపు గోడకు ఏటా చేయవలసిన మరమ్మతు, ఊళ్ళో ఎవరూ ఉండని ఇంట్లో ఆగిపోతుంది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల సరస్సు క్షీణతను నమోదు చేసింది. ఆ సరస్సు అంచు గ్రామాల ఇళ్ళ క్షీణతను కూడా అదే మార్పులో భాగంగా చదవవలసి ఉంది.

4. చట్టంలో నివాసగృహం

పరాయి వ్యక్తి పాత ఇంటిని కొనడం పట్ల కనిపించే జంకు కేవలం ఆచారం కాదు; అది చట్టంలోనూ ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, అవిభక్త కుటుంబపు నివాసగృహంలో ఒక వాటాను బయటివారు కొంటే, కుటుంబంతో కలిసి ఆ ఇంటిని అనుభవించే హక్కు వారికి రాదు. వారు విభాగం కోరుతూ దావా వేస్తే, ఆ వాటాను విలువ కట్టించి తామే కొనుక్కునే అవకాశాన్ని 1893 విభాగ చట్టం 4వ సెక్షన్ కుటుంబ సభ్యులకిచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ఒక వారసుడు తన వాటాను అమ్మదలిస్తే తోటి వారసులకు ముందుగా కొనే హక్కు కల్పించింది.

ఈ రక్షణ కుటుంబంలో కూడా అందరికీ సమానంగా దక్కలేదు. అదే చట్టంలోని 23వ సెక్షన్, మగ వారసులు పంచుకోవడానికి సిద్ధపడే వరకు ఆడబిడ్డలు నివాసగృహ విభాగం కోరరాదని చెప్పింది. 2005 సవరణతో అది రద్దయింది. అంతకు ముందే 1986లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః హక్కునిచ్చింది. ఆడబిడ్డల వాటాల వల్ల పాత ఇళ్ళు ముక్కలవుతున్నాయన్న వాదం కొన్నిచోట్ల వినిపిస్తుంది. ఇది నిలవదు. ఇల్లు ఒక్కటిగా నిలిచిన కాలంలో ఆ ఐక్యతకు మూల్యం చెల్లించింది హక్కు లేని ఆడబిడ్డలే.

ఇటలీ పౌరస్మృతి కూడా సహవారసులకు ముందస్తు కొనుగోలు హక్కునిస్తుంది. కాని అక్కడ మరో అంచె ఉంది. 2004 నాటి సాంస్కృతిక సంపద స్మృతి ప్రకారం, చారిత్రక ప్రాధాన్యం ఉన్నదిగా ప్రకటితమైన ఇల్లు ప్రైవేటు వ్యక్తిదైనా, దాని అమ్మకాన్ని సంబంధిత మంత్రిత్వశాఖకు తెలియజేయాలి. నిర్ణీత గడువులోగా అదే ధరకు ప్రభుత్వమో, స్థానిక సంస్థో దానిని కొనవచ్చు. అంటే అక్కడ ‘ముందుగా ఎవరు’ అన్న ప్రశ్నకు వారసులతో పాటు ప్రజలు కూడా ఒక జవాబు. తెలుగు పల్లెలో ఆ జవాబు వారసుల దగ్గరే ఆగిపోతుంది.

5. కొన్నది ఇల్లా, కలపా?

వారసులు ఇంటిని అట్టే పెట్టుకోలేనప్పుడు కోస్తా గ్రామాల్లో వినిపించే మాట ‘ఇల్లు విప్పేశారు’ అన్నది. పాత కలప వ్యాపారి స్తంభాలు, దూలాలు, తలుపులు కొంటాడు. స్థలం వేరుగా అమ్ముడవుతుంది. లోగిలిగా కొనేవారు లేని ఇంటికి విడిభాగాలుగా గిరాకీ ఉంది.

ఇక్కడ చట్టం ఒక వింత స్థితిని సృష్టించింది. 1972 పురావస్తువులు, కళాసంపద చట్టం నూరేళ్ళు దాటిన వస్తువులను, కట్టడం నుంచి విడదీసిన భాగాలతో సహా, పురావస్తువులుగా గుర్తించి వాటి ఎగుమతిని నియంత్రిస్తుంది. రక్షిత కట్టడంగా ప్రకటితం కాని ఇంటి ద్వారబంధం గోడలో ఉన్నంతకాలం ఆ నియంత్రణకు అందదు. గోడ నుంచి ఊడదీశాకే చట్టం దృష్టిలో విలువైనది అవుతుంది.

చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర ప్రదర్శనశాల పాత ఇళ్ళను విప్పి, తరలించి, తిరిగి నిలబెట్టే మార్గాన్ని ఎంచుకుంది. నిర్మాణజ్ఞానం నిలవడానికి అది ఉపయోగపడింది. అయినా ఇరుగుపొరుగు, పొలం, కాలువ నుంచి వేరుపడిన ఇల్లు ఒక ప్రదర్శిత వస్తువే. ఇటలీలో 2008లో సిసిలీలోని సాలెమి ప్రకటించిన, 2019లో సాంబూకా వంటి పట్టణాలతో ప్రసిద్ధికెక్కిన ‘ఒక యూరో ఇల్లు’ పథకాల్లో కీలకం ధర కాదు, షరతు. గడువులోగా ఇంటిని ఉన్నచోటే బాగుచేస్తామని కొనుగోలుదారు ఒప్పుకోవాలి. నామమాత్రపు ధరకు అమ్ముడైంది నిజానికి ఒక బాధ్యత.

6. పెరటి దారి

ఇటలీ నమూనాను యథాతథంగా మెచ్చుకోవడం విమర్శ కాదు. దక్షిణ ఇటలీలోని మాతేరా గుహగృహాలు జాతికి అవమానమని భావించి 1952 చట్టంతో అక్కడి పేదలను ఖాళీ చేయించారు. 1993లో ఆ గుహలకే యునెస్కో గుర్తింపు వచ్చింది. నేడు వాటిలో హోటళ్ళున్నాయి. ఇల్లు నిలిచింది, అందులోని మనుషులు మారారు.

మండువా లోగిలికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఆ ఇంట్లోకి వీధి గుమ్మం గుండా కొందరే వచ్చారు. ధాన్యం మోసిన కూలీలు, పశువుల కొట్టం ఊడ్చినవారు పెరటి దారిన వచ్చి, ఆ దారినే వెళ్ళారు. కొల్లేటి లంకల్లో మత్స్యకారుల తాటాకు ఇళ్ళు కొనదగిన ‘పాత ఇల్లు’గా మిగలనే లేదు. దక్షిణచిత్రలో విశాఖ ప్రాంతపు హరిపురం నుంచి తీసుకున్న గుండ్రని మట్టి ఇంటికి చోటు దక్కడం ఈ దృష్ట్యా గమనార్హం: టేకు లేని ఇల్లు కూడా జ్ఞానమే. స్తంభాలను మాత్రమే కాపాడి పెరటి గుమ్మాన్ని గోడ కట్టి మూసే పునరుద్ధరణ, చరిత్రలో సగాన్ని విప్పి అమ్మినట్లే.

7. ముగింపు

పాత ఇంటి విషయంలో తెలుగు సమాజానికి లోపించింది ప్రేమ కాదు, సంక్రమణానికి అతీతమైన బాధ్యతను చెప్పే భావన. దానికి ఇటలీ వైపే చూడనక్కరలేదు. కలిదిండి పేరును చరిత్రకు అందించినది ఒక దానశాసనం. పదకొండో శతాబ్దిలో వేంగీ చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడు, తన పక్షాన పోరాడి మరణించిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికి ఆలయాలు కట్టించి, వాటి నిర్వహణకు గ్రామదానం చేసినట్లు అది చెబుతుంది. మరణించినవారు రాజు కుమారులు కారు, ఆ నేల వారి పిత్రార్జితమూ కాదు. అయినా వారి జ్ఞాపకానికి ఒక చోటు, ఆ చోటుకు ఒక ఆదాయం, ఆ ఆదాయానికి ఒక లిఖిత నిబంధన ఏర్పడ్డాయి. రాజదానాన్ని నేటి విధానంగా అనుకరించలేకపోయినా, జ్ఞాపకాన్ని నిర్వహణ ఖర్చుతో ముడిపెట్టిన దాని తర్కం నేటికీ పనికివస్తుంది.

ఈ పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు వస్తాయి. విప్పబోయే ప్రతి లోగిలి కొలతలను, అందులో నివసించినవారి, పనిచేసినవారి మౌఖిక కథనాలను నమోదు చేయడం తెలుగు, చరిత్ర, వాస్తుశాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన. వారసులు అమ్మదలచిన ఎంపిక చేసిన ఇళ్ళపై, వారి ధరకు భంగం లేకుండా, స్థానిక సంస్థకు ముందస్తు కొనుగోలు హక్కు కల్పించడం చర్చించవలసిన విధానం. పరాయి కొనుగోలుదారును ఆక్రమణదారుగా గాక, షరతులకు కట్టుబడిన సంరక్షకుడిగా ఊహించగల కథ తెలుగు సాహిత్యానికి ఇంకా కావలసి ఉంది. అప్పటివరకు పాత ఇంటికి పలికే ధర దాని కలప ధరే.