ముప్పై రెండు మందేనా?

తనకల్లు బస్టాండులో ఈ వారం ఒకాయన నన్ను ఆపి అడిగాడు: “అన్నా, మావోడు ఎర్లాంగో ఏమో నేర్చుకుంటాండాడంట. ఎవురూ ఇనని దాంతో ఉద్యోగం యాడొస్తాదన్నా?” కొడుకు బీటెక్ మూడో ఏడు. ఇంట్లో శనక్కాయ సేద్యం, పైన బ్యాంకు అప్పు.

అందరూ పడే దారిలోనే పడొద్దని ఈ కాలమ్‌లో నేనెంత పోరుతుంటానో మీకు తెలుసు. హుషారుగా మొదలుపెట్టాను. నీ చేతిలోని వాట్సాప్ వెనక నడిచేది ఎర్లాంగే అన్నాను. 1986లో స్వీడన్‌లోని ఎరిక్సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలుపెట్టిన ప్రోగ్రామింగ్ భాష. 1998లో ఎరిక్సనే కొత్త పనులకు దాన్ని వద్దంది. ఆ ఏడాదే అది ఓపెన్‌సోర్స్ అయింది. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొనేనాటికి వాట్సాప్‌ను వాడేది 45 కోట్ల మంది, నడిపే ఇంజనీర్లు 32 మంది.

“ముప్పై రెండు మందేనా?” అన్నాడాయన.

నాకు నోట మాట రాలేదు. గొప్పగా చెప్పిన లెక్కే నాకు అడ్డం తిరిగింది.

అమీర్‌పేట గుర్తొచ్చింది. 1990ల చివర్లో మైత్రీవనం చుట్టూ గోడల నిండా కోబాల్ కోర్సుల పోస్టర్లే. 1959లో పని మొదలైన ముసలి భాష. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000ని 1900 అనుకుంటాయని లోకమంతా భయం. వాటిని దిద్దే పనిమీద మనవాళ్లు ఎంతోమంది విమానమెక్కారు. కోబాల్ మీద ఇష్టంతో నేర్చుకున్నవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. గిరాకీ తగ్గగానే చాలామంది జావాకు మారారు. ఇక దాని పని అయిపోయిందనుకుంటే, 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు పాత కోబాల్ వ్యవస్థలను ముంచెత్తి, కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రమ్మని న్యూజెర్సీ గవర్నరు అడగాల్సి వచ్చింది! ఇదంతా ముందే పసిగట్టి కోర్సు ఎంచుకోగలిగినవాడు ఎవడు?

ఎర్లాంగ్‌లో నాకు నచ్చేది వేరే. పనంతా చిన్న చిన్న ప్రాసెస్‌లుగా ఉంటుంది. ఒకటి చెడితే దాన్ని అక్కడే బాగుచెయ్యాలని పాకులాడరు, పోనిస్తారు; పైనున్న సూపర్‌వైజర్ ఇంకోదాన్ని లేపుతుంది. పక్కవాళ్ల కాల్ తెగదు. అడుగడుగునా తప్పును పట్టుకోవాలని జావాలో నేర్చుకున్న పిల్లాడికి ఇది తెలిస్తే, రేపు జావాలోనే వేరేగా రాస్తాడు.

అయినా తండ్రితో అన్నదిది: “శనక్కాయల్లో కంది సాళ్లు ఏస్తారు గదా. చేనంతా కందే ఏస్తావా?”

“యాడన్నా!”

ముందు జావా, ఎస్‌క్యూఎల్ గట్టి చేసుకోమన్నాను. ఎర్లాంగ్‌కు దసరా సెలవులు. చిన్న చాట్ ప్రోగ్రాం రాసి, అది నడుస్తుండగా ఒక ప్రాసెస్‌ను చంపి ఏమవుతుందో చూడమన్నాను. అంతకుమించి టైము కావాలంటే మాత్రం నేను వాళ్ల నాయన పక్కే.